విపత్తు వేళ చర్చి: ఒంగోలు కరువు నుంచి జల్‌పల్లి వరద దాకా

తుఫాను వెలిసి, నీళ్ళు ఇంకా తీయకముందే రెండు మాటలు వినిపిస్తాయి. ఇన్ని కానుకలు వసూలు చేసే చర్చిలు ఇప్పుడెక్కడున్నాయన్నది మొదటిది. వస్తే మాత్రం బియ్యం సంచి వెనక బాప్తిస్మం ఉంటుందన్నది రెండోది. రాకపోతే తప్పు, వస్తే అనుమానం. క్రైస్తవుల లోపల ఇంకో పేచీ నడుస్తుంటుంది. ముందు సొంత సంఘ సభ్యులను చూసుకోవాలా, ఊరందరినీ చూడాలా? సాయం చేస్తూ సువార్త చెప్పాలా, మానాలా? ఇలా సాయాల్లో మునిగితే చర్చి కాస్తా స్వచ్ఛంద సంస్థ అయిపోదా?

తెలుగు నేల మీద ఈ ప్రశ్నలకు దాదాపు నూటయాభై ఏళ్ళ వయసుంది. ఇంతకాలమైనా వాదన ఒకేచోట తిరుగుతూ ఉండడానికి కారణం, మతమార్పిడి ప్రశ్న మిగతా ప్రశ్నలన్నిటినీ మింగెయ్యడమే. అది ముఖ్యమైన ప్రశ్నే, కాదనలేం. కానీ సాయం ఎవరికి చేరింది, జాబితా ఎవరు రాశారు, లెక్క ఎవరు చూశారు, ఆరు నెలల తర్వాత ఆ వీధిలో ఎవరు మిగిలారు అన్న ప్రశ్నలు దానికంటే చిన్నవి కావు. బాధితుడి వైపు నుంచి చూస్తే అవే పెద్దవి. చరిత్రను, వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి స్పష్టంగానే కనిపిస్తుంది.

ఒంగోలు: వాదన పుట్టిన చోటు

1876–78లో మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువును మనవాళ్ళు ధాత కరువన్నారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనక ఆ పేరు. వానలు లేవు. ఉన్న ధాన్యం ధర పలికే చోటికి తరలిపోయింది. సర్కారు సహాయ పనుల్లో కూలికిచ్చే తిండిని ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యానికి, అంటే అరకిలో కంటే తక్కువకు, కుదించాడు. రోజంతా మట్టి మోసినవాడికి ఆ గింజలు ఏ మూలకు?

ఆ కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒక అసాధారణమైన పని చేశాడు. సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని గుత్తకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు, కొలతలూ లెక్కలూ తెలిసినవాడు. కాలువ మిగతా భాగాల్లో మాదిగ కూలీల మీద మేస్త్రీల దెబ్బలూ తిట్లూ మామూలు. క్లౌ తన భాగంలో మాదిగ బోధకులనే పనిమీద పెట్టాడు. ఆ కబురు పల్లెపల్లెకూ పాకింది. కొట్టని చోట కూలి దొరుకుతుందని జనం వరస కట్టారు.

రెండో పని ఇంకా ముఖ్యం. కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళను కూడా ఆగమన్నాడు. అలా పదిహేను నెలలు గడిచాయి. సాయం ఆగిపోయి, ఇక చేతిలో పైసా లేదని చెప్పిన తర్వాతే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు చొప్పున, నీళ్ళలో దిగి ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఇంత పెద్ద సంఘటనకు ఒకే అర్థం ఉంటుందనుకోవడం అత్యాశ. మిషన్ చరిత్రకారులకు ఇది ఆత్మల పంట. విమర్శకులకు ఇది ఆకలి మీద కట్టిన మతం. సాయం ఆగాకే బాప్తిస్మం ఇచ్చినా, ఆ సాయం జ్ఞాపకం మనసులో ఉండదా అన్నది వాళ్ళ ప్రశ్న. అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. 1933లో మిషనరీ వాస్కమ్ పికెట్ తెలుగు ప్రాంతాలతో సహా దేశమంతటా సామూహిక మత చేరికలను పరిశీలించి పుస్తకం వేశాడు. జనం చెప్పిన కారణాలు రకరకాలని, ఒకే మనిషిలో కూడా కలగలిసి ఉంటాయని అందులో తేల్చాడు. డంకన్ ఫారెస్టర్ వంటి తర్వాతి పండితులు చూపును ఇంకోవైపు తిప్పారు. వాళ్ళ దృష్టిలో దళితులు వెతుక్కున్నది పిడికెడు బియ్యాన్ని మించినది, మనిషిగా గుర్తింపు. నిజానికి ఒంగోలు ఉద్యమానికి పునాది కరువుకు పదేళ్ళ ముందే పడింది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లోనే బాప్తిస్మం పొంది, తన వాళ్ళ మధ్య తిరిగి బోధించాడు. కరువు రాకముందే వేలమంది ఆ దారిలో ఉన్నారు. తిండి కోసం చేరారన్న వాదన ఈ పదేళ్ళను దాటవేస్తుంది. ఆత్మల పంట అన్న వాదనేమో కాలువగట్టును దాటవేస్తుంది.

ఒంగోలు పేరు రాగానే అందరూ ఆ 2,222 అంకె దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. అక్కడ తేలిన విషయాలు రెండున్నాయి. సాయానికీ మత చేరికకూ మధ్య కాలం గీత గీయడం ఒకటి. బిచ్చం బదులు కూలి ఇవ్వడం, ఆ కూలి పనిమీద అణగారినవాళ్ళనే పెద్దలుగా నిలపడం రెండోది. మొదటిదాని మీద ఎన్నో పేజీలు రాశారు. రెండోదాన్ని దాదాపు మరిచారు.

పూర్తిగా మరవలేదు లెండి. మెదక్‌లో మిషనరీ చార్లెస్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహా దేవాలయం వెనక కూడా ఇదే ఆలోచన ఉందని చెబుతారు. కరువులో ఉచితంగా పెట్టే తిండి కంటే పని చూపించి పెట్టే తిండి మేలని ఆ కట్టడం పూనుకున్నారని ఆ ప్రాంతం చెప్పుకునే చరిత్ర. ఆకలిగొన్నవాళ్ళ చెమటతో చెరువు తవ్వించకుండా గుడి కట్టించడమేమిటని ఎవరైనా అడగవచ్చు. కాలువకు, గోపురానికి మధ్య తేడా అదే. ఒకటి ఊరందరిదీ, రెండోది ఒక సంఘానిది.

దివిసీమ: సేవ సంస్థగా మారిన కాలం

కృష్ణా తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేలమంది దాకా పోయారు. మిషనరీ రాబర్ట్ నోబుల్ బడి నడుపుతున్న ఆ మిషన్ పట్టణమే నీళ్ళలో ఉంది. సాయం చేయాల్సినవాళ్ళే బాధితులైన సందర్భమది. విపత్తు ప్రణాళికలు రాసేవాళ్ళు ఇప్పటికీ ఈ చిన్న విషయాన్ని మరుస్తుంటారు. పాస్టరు ఇల్లు కూడా మునుగుతుంది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేరే కాలానిది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ చుట్టూ ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు పదివేలు దాటారు. దేశమంతా కదిలింది. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్ వచ్చింది, ఆర్.ఎస్.ఎస్. కార్యకర్తలు శవాలు మోశారు. విభజన కాందిశీకుల కోసం 1947లో ప్రొటెస్టెంటు సంఘాలు పెట్టుకున్న కాసా, 1962లో పుట్టిన కథోలిక సంస్థ కారితాస్ ఇండియా వంటివి అప్పటికే చేయి తిరిగిన సంస్థలు. విపత్తు సాయం పాస్టరు దయాగుణం మీద ఆధారపడే పని కాకుండా, ఇంజనీర్లు, గిడ్డంగులు, ఆడిట్లు ఉన్న వ్యవస్థగా మారడం మన ప్రాంతంలో కళ్ళారా కనిపించింది ఇక్కడే.

దివిసీమలో మిగిలిన మేలు ఏదంటే తుఫాను రక్షణ కేంద్రాలు. కాసా వంటి చర్చి సంస్థలు, ఇతర స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం ఎవరికి వారుగా, కొన్నిచోట్ల కలిసి, తీరం వెంబడి గట్టి కాంక్రీటు భవనాలు కట్టాయి. మామూలు రోజుల్లో బడి, తుఫాను రోజున ఆశ్రయం. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని భయంకరమైన తుఫాను తాకినప్పుడు ఆరు లక్షలమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు 967 మంది. ప్రతి ప్రాణమూ విలువైనదే. అయినా పదమూడేళ్ళ కింద పోయిన వేలతో పోల్చినప్పుడు ఆ తేడా ఎంతటిదో తెలుస్తుంది. హెచ్చరికలు, అధికారుల తరలింపు లేకుండా ఇది సాధ్యపడేది కాదు. తరలించడానికి ఒక చోటంటూ లేకపోయినా సాధ్యపడేది కాదు.

ఆ భవనాల తర్వాతి కథ అంత బాగోలేదు. ఉప్పుగాలికి ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి, పెచ్చులూడాయి. కట్టిన సంస్థ వెళ్ళిపోయింది, పంచాయతీకి నిధుల్లేవు, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. కట్టడానికి విరాళం దొరుకుతుంది, సున్నం వేయడానికి దొరకదు. ఇది చర్చి సంస్థలకే పరిమితమైన జబ్బు కాదు. కాకపోతే ఊళ్ళో ప్రతి ఆదివారం కలిసే ఒక సంఘం ఉండి కూడా ఆ తాళంచెవి తమ చేతుల్లోకి తీసుకోకపోవడం మాత్రం చర్చి లోపమే.

నాలుగు ఆలోచనా ధోరణులు

ఇప్పుడున్న అభిప్రాయాలను స్థూలంగా నాలుగు దారులుగా చెప్పుకోవచ్చు. ఒకే సంఘంలో నాలుగూ ఉండవచ్చు, ఒకే పాస్టరు సందర్భాన్ని బట్టి ఒకదాన్నుంచి మరోదానికి జరగవచ్చు.

మొదటి దారి వారికి ఆత్మల రక్షణ ముందు. సాయం దానికి తలుపు. పెద్ద సంస్థల పత్రాల్లో ఇది ఇప్పుడు కనబడదు గానీ, స్వతంత్ర సంఘాల ప్రసంగాల్లో వినబడుతుంది. విపత్తును దేవుని హెచ్చరికగా చెప్పే ధోరణి కూడా దీనికి దగ్గరదే. ఇల్లు కూలిన మనిషితో ఆ మాట అనడం క్రూరమని నేననుకుంటాను. బైబిల్లోని మంచి సమరయుని కథలో దెబ్బలు తిన్నవాడికి కట్టు కట్టినవాడు ముందుగా ప్రసంగమేదీ చేయలేదు.

రెండో దారి నిబంధన లేని సేవ. దీనికి ఆధారపత్రం 1994లో వచ్చిన విపత్తు సహాయ ప్రవర్తనా నియమావళి. సాయాన్ని ఏ రాజకీయ, మత ప్రయోజనానికీ వాడరాదని అందులో ఉంది. బాధితులను దిక్కులేని వస్తువుల్లా చూపించరాదనీ ఉంది. దీన్ని చర్చిల మీద బయటివాళ్ళు రుద్దారనుకునేవాళ్ళున్నారు. రెడ్‌క్రాస్‌తో, ఆక్స్‌ఫామ్ వంటి సంస్థలతో కలిసి దాన్ని ముందుకు తెచ్చినవారిలో కారితాస్ అంతర్జాతీయ సమాఖ్య, కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. చర్చిలు తమ చేతులకు తామే వేసుకున్న కట్టడి అది. క్లౌ కాలువగట్టున పాటించిన నియమం నూటపదిహేడేళ్ళకు పత్రంగా మారిందంటే అతిశయోక్తి కాదు.

మూడో దారి మాటనూ చేతనూ విడదీయలేమంటుంది. 1974లో లూసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభ తర్వాత సువార్తికుల్లో బలపడిన ఆలోచన ఇది. సాయానికి షరతు పెట్టం, అలాగని మా విశ్వాసాన్ని దాచుకోం అన్నది వీరి మాట. నిజాయితీగల మాటే. అడిగినవాడికి జవాబు చెప్పడం ఎవరి హక్కైనా. చిక్కల్లా ఆచరణలో ఉంది. ఇచ్చేవాడి చేతిలో దుప్పటి, పుచ్చుకునేవాడి ఒంటి మీద తడిబట్ట ఉన్నప్పుడు ఇద్దరి మధ్యా సమానమైన సంభాషణ ఎలా సాగుతుంది? ఈ అసమానతకు మూడో దారి దగ్గర సరైన జవాబు లేదు.

నాలుగోది హక్కుల దారి. 1980ల నుంచి దళిత క్రైస్తవ చింతనలో పదునెక్కింది. విపత్తు అందరినీ ఒకేలా ముంచదని ఈ వాదన. పల్లం ఎవరిది, పూరిల్లు ఎవరిది, సహాయ శిబిరంలో చివరి వరస ఎవరిది అని అడుగుతుంది. వీరికి చర్చి పని గంజి పోయడంతో ఆగదు. తహసీల్దారు ముందు నిలబడి పరిహారం అడగడం, ఊరవతల పేటకు రోడ్డు కావాలని పోట్లాడడం కూడా సేవే.

పోల్చి చూడడానికి ఒక వీధిని ఊహించుకుందాం. వంద ఇళ్ళు మునిగాయి, అందులో ఇరవై సంఘ సభ్యులవి. మొదటి దారివాళ్ళు ఇరవై ఇళ్ళను ఆదుకుని, ఎనభై ఇళ్ళకు కరపత్రాలతో వెళ్తారు. రెండో దారివాళ్ళు వందిళ్ళనూ తిరిగి అవసరాన్ని బట్టి పంచి, పని ముగిశాక వెళ్ళిపోతారు. మూడో దారివాళ్ళు వందిళ్ళకూ పంచి, ప్రార్థన చేయమంటారా అని అడుగుతారు. నాలుగో దారివాళ్ళు సరుకులు తక్కువే తెస్తారు గానీ, వందమంది చేత అర్జీ రాయించి కలెక్టరేటుకు తీసుకెళ్తారు. నా తూకంలో రెండో దారి పంపిణీకి, నాలుగో దారి ఓపిక కలిసినప్పుడే ఆ వీధి లేచి నిలబడుతుంది. మూడో దారిని తోసిపుచ్చను. అయితే దాని సమయం వేరు. ఒంగోలు పదిహేను నెలలు ఆగింది, మనం కనీసం నీళ్ళు తీసేదాకానైనా ఆగాలి.

ఈ నాలుగు దారులనూ కలిపి తప్పుపట్టే విమర్శలు రెండున్నాయి. క్రైస్తవ సంస్థ ఇచ్చే ఏ సాయమైనా ప్రలోభమేనన్నది ఒకటి. ఈ లెక్కన మఠం అన్నదానాన్నీ, దర్గా లంగరునూ కూడా అనుమానించాలి. సాయాన్ని ఆపడం ఈ విమర్శకు జవాబు కాదు, లెక్కలు తెరిచి పెట్టడం జవాబు. సేవలో పడి చర్చి ప్రార్థన మరిచిందన్నది రెండోది, లోపలినుంచి వచ్చేది. తొలి సంఘాల కాలంలోనే కరువు వార్త విని అంతియొకయవారు యూదయకు సొమ్ము పంపిన సంగతి అపొస్తలుల కార్యాల్లో ఉంది. సేవను కొత్త వ్యాధిగా చూడడానికి ఆధారం తక్కువ.

డబ్బు దారి మూసుకున్నాక

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అనుమతి ఉన్న సంస్థ తనకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడం నిషేధించారు. పాలనా ఖర్చుల పరిమితి యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గింది. సొమ్ము ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖ ద్వారానే రావాలి. పెద్ద సంస్థ నిధి తెచ్చి, జిల్లాలోని చిన్న సంస్థ ద్వారా పల్లెకు చేర్చే పాత పద్ధతి దీంతో తెగిపోయింది. 2024లో వరల్డ్ విజన్ ఇండియా, కాసా వంటి సంస్థల అనుమతులే రద్దయ్యాయి. దివిసీమలో పనిచేసిన నమూనా ఇప్పుడు అలాగే మళ్ళీ నడవదు.

ఇది అన్యాయమనేవారి వాదనలో బలం ఉంది. ఆ నిధులతో బతికిన బాలల కేంద్రాలు, ఆరోగ్య పథకాలు మూతపడ్డాక నష్టపోయింది పేదలే. విదేశీ సొమ్ము మీద నిఘా ఉండాలనేవారి మాటనూ కొట్టిపారేయలేం. ఈ రెంటి మధ్య తీర్పు చెప్పడం కంటే, ఆచరణలో ఏం మారిందో చూడడం మేలు. ఇప్పుడు భారం స్థానిక కానుకల మీద పడింది. ఆంధ్ర, తెలంగాణల్లో సంఘాల సంఖ్యలో పెద్ద భాగం స్వతంత్ర సంఘాలదే. వాటిలో చాలావాటికి రిజిస్ట్రేషను ఉంటే కమిటీ ఉండదు, కమిటీ ఉంటే ఆడిట్ ఉండదు. పాత మిషన్ సంఘాల్లో కొన్ని ఆస్తుల వివాదాలతో ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. వరద వచ్చిన రోజున లక్ష రూపాయలు పోగుచేయడం ఈ సంఘాలకు కష్టం కాదు. ఆ లక్ష ఎలా ఖర్చయిందో మందిరం గోడ మీద అంటించడమే కష్టం. ఆ ఒక్క కాగితం అంటించగలిగితే బయటి అనుమానాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

జల్‌పల్లి: తనవాళ్ళు కాని చోట

ఒంగోలులోనూ దివిసీమలోనూ బాధితుల్లో క్రైస్తవులో, క్రైస్తవం వైపు చూస్తున్నవారో కొందరైనా ఉన్నారు. హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరలోని జల్‌పల్లి ప్రాంతం అలాంటిది కాదు. షాహీన్ నగర్, ఎర్రకుంట, పహాడీ షరీఫ్, ఉస్మాన్ నగర్ వంటి బస్తీల్లో ఎక్కువమంది ముస్లింలు, రోజుకూలీలు, పాతబస్తీలో అద్దెలు భరించలేక వచ్చి చిన్న ప్లాటు కొనుక్కున్నవాళ్ళు. క్రైస్తవ కుటుంబాలు తక్కువ.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరాన్ని ముంచిన వాన ఘట్‌కేసర్ వైపు ముప్పై సెంటీమీటర్లు దాటింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు రహదారి కొట్టుకుపోయింది, మనుషులు పోయారు. పల్లె చెరువు పొంగింది. మూడు నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. అప్పట్లో జల్‌పల్లి పురపాలికలో ఉన్న ఉస్మాన్ నగర్ సంగతి వేరు. బురాన్ ఖాన్ చెరువు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చి, నెలల తరబడి తీయలేదు. మిగతా నగరం బురద కడుక్కుని పనుల్లో పడ్డాక కూడా అక్కడి కుటుంబాలు అద్దె గదుల్లో, బంధువుల ఇళ్ళలో ఉన్నాయి.

మొదటి వారంలో అన్నానికి లోటు రాలేదు. మసీదులు తెరుచుకున్నాయి, సఫా బైతుల్ మాల్ వంటి ముస్లిం సేవా సంస్థలు వచ్చాయి, గురుద్వారాలు, గుళ్ళు, చర్చిలు, యువజన సంఘాలు నగరమంతటా వండిపెట్టాయి. బిర్యానీ పొట్లాలు అక్కరకు మించి వచ్చిన వీధులు, ఒక్కటీ అందని వీధులు పక్కపక్కనే ఉండడం ప్రతి వరదలో జరిగేదే. లోటు వచ్చింది తర్వాత. ప్రభుత్వం కుటుంబానికి పదివేల రూపాయలు ప్రకటించింది. అర్జీల కోసం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరాయి. బల్దియా ఎన్నికల ప్రకటనతో నవంబరులో పంపిణీ మధ్యలో ఆగింది. నోటరీ కాగితం మీద కొన్న ఇల్లు, వేరే చిరునామాతో ఉన్న ఆధార్, నీళ్ళలో నానిపోయిన రేషన్ కార్డు ఉన్న మనిషికి అర్జీ రాయించుకోవడమే పెద్ద పని.

ఇక్కడ చర్చికి చేతనైనదేమిటన్నదే అసలు పరీక్ష. తన సభ్యుల జాబితా ఇక్కడ పనికిరాదు. చర్చి పేరుతో బ్యానరు కట్టిన వ్యాను బస్తీలోకి వెళితే అనుమానం ముందు పుడుతుంది, ఆ అనుమానంలో న్యాయం కూడా ఉంది. చర్చి తన దగ్గరున్న మనుషుల్ని, మసీదు కమిటీ వేసుకున్న జాబితా కింద పనిచేయనిస్తే? సంఘంలో నర్సులుంటారు, బడి పంతుళ్ళుంటారు, అర్జీలు రాయగలిగే డిగ్రీ పిల్లలుంటారు, మోటారు బాగుచేసే మెకానిక్కు ఉంటాడు. మిషన్ ఆసుపత్రులు, బడులు పెంచిన చదువు ఇక్కడ అక్కరకొస్తుంది. పేరు ఎవరిదైనా కానీ, పని జరగాలి. కేరళలో 2019 ఆగస్టులో కవళప్పార కొండచరియల కింద పోయినవారి శవపరీక్షలకు పోతుకల్ మసీదు తన ప్రార్థన మందిరాన్నే ఇచ్చింది. చనిపోయినవారి మతం అడగలేదు. ఒక ప్రార్థనా స్థలం పొరుగువారికి ఏమివ్వగలదో చెప్పడానికి నాకు తెలిసినంతలో అంతకన్నా గట్టి ఉదాహరణ లేదు.

ఇలా వేరొకరి జాబితా కింద పనిచేయడం చాలామంది సంఘపెద్దలకు మింగుడుపడదు. దాతలకు ఫొటోలు కావాలి, ఫొటోలో బ్యానరు కావాలి. 1994 నియమావళి బాధితుల గౌరవం గురించి చెప్పిన మాట ఇక్కడే తేలిపోతుంది. నిత్యావసరాల కిట్టు పట్టుకుని కెమెరా వైపు చూడమన్నప్పుడు ఆ తల్లి ముఖంలో కనబడేది కృతజ్ఞత అనుకుంటే పొరపాటు.

తేలని చిక్కులు

పేర్ల జాబితాలో ఇంకో ముల్లుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. బి.సి.-సి కింద రావాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో ఇదే సంగతిని మళ్ళీ గట్టిగా చెప్పింది. కాబట్టి వరద సాయం కోసం చర్చి రాసుకున్న సభ్యుల జాబితా, రేపు ఎవరి చేతిలోనైనా పడితే ఒక కుటుంబం కులపత్రానికే ఎసరు పెట్టవచ్చు. పల్లెల్లో చాలా కుటుంబాలు చర్చి సాయానికి పేరివ్వడానికి వెనకాడడం వెనక ఈ భయముంది. పారదర్శకంగా ఉండాలంటే పేర్లు రాయాలి, రక్షించాలంటే రాయకూడదు. ఇంటి నంబర్లతో, కార్డుల సంఖ్యలతో జాబితా వేసుకోవడం ఒక తాత్కాలిక మార్గం. శాశ్వతమైనది చట్టం చేతుల్లో ఉంది.

కాలవ్యవధి రెండోది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు మొదటి పదిరోజులు సాయం వెల్లువెత్తింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇరవై ఐదు వేలు ఇచ్చింది. ఆ తర్వాత మొదలయ్యేది అప్పుల కాలం. కుట్టు మిషను పోయినామె, ఆటో ఇంజనులోకి నీళ్ళు వెళ్ళినవాడు, పుస్తకాలు నానిపోయిన పిల్లలు వారానికింత వడ్డీ కడుతూ రోజులు గడుపుతారు. సంస్థలు వచ్చిపోతాయి. వారం వారం అక్కడే కలిసే సంఘం మాత్రం పోదు. చర్చికున్న అసలు బలం ఈ నిలకడలోనే ఉంది. దాన్ని మొదటి మూడు రోజుల పొట్లాలకే ఖర్చుచేసెయ్యడం ఎందుకో అర్థం కాదు. కానుకల్లో సగాన్ని మూడో నెలకు, ఆరో నెలకు అట్టేపెట్టి, వడ్డీ లేని చేబదుళ్ళుగా తిప్పడం ఏ పేద సంఘానికైనా సాధ్యమే. అలా చేయకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, మూడో నెలలో కెమెరాలు ఉండకపోవడం.

చివరిది నా మట్టుకు అన్నిటికన్నా కఠినమైనది. బురాన్ ఖాన్ చెరువు పక్కన మునిగిన ఇళ్ళలో చాలావరకు నీళ్ళు నిలిచే పల్లంలోనే లేచినవి. విమానాశ్రయం 2008లో తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి, చెరువు శిఖం భూముల మీద కూడా లేఅవుట్లు లేచాయి, పేదవాడికి అందే ధర అక్కడే ఉంది. 2024 జూలైలో చెరువుల రక్షణకు ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేశాక చెరువుల హద్దుల్లోని కట్టడాల కూల్చివేతలు మొదలయ్యాయి. ఇప్పుడు ఒక సంఘం దగ్గర మూడు లక్షలుంటే, ఆ పల్లంలో కూలిన గోడను మళ్ళీ కట్టించాలా? కట్టిస్తే తర్వాతి వానకు అదే కుటుంబాన్ని అదే నీళ్ళకు అప్పగించినట్టు. కట్టించకపోతే జీవితమంతా కూడబెట్టి కొన్న ఆ ఒక్క జాగానూ వదులుకోమన్నట్టు. తీరప్రాంతంలో కాసా రక్షణ కేంద్రం కట్టినప్పుడు ఈ ప్రశ్న రాలేదు, అక్కడ ఊరు చట్టం దృష్టిలో ఊరే. ఇక్కడ ఇల్లే చట్టవిరుద్ధం. 1994 నియమావళి సాయం ఎలా చేయాలో చెబుతుంది. ఇల్లు ఉండకూడని చోట ఉంటే ఏం చేయాలో అది చెప్పదు. ఆ కుటుంబానికి వేరే చోట జాగా ఇప్పించమని మసీదు కమిటీతో కలిసి కలెక్టరేటు మెట్లెక్కడం ఒక దారి. అది ఏళ్ళు పట్టే పని, రసీదు చూపించి దాతను మెప్పించే పని కాదు, అందుకే దాన్ని తమ బడ్జెటులో రాసుకునేవాళ్ళు అరుదు.